రీల్స్ మానేశాక వినేవాళ్లు ఎక్కడ దొరికారంటే

మా ఇంట్లో సొంత డబ్బా కొట్టుకోవడం కన్నా పెద్ద తప్పు లేదు. "పాడు, దిగు, వచ్చి కూర్చో. బాగుంటే వాళ్లే అంటారు" అనేది అమ్మ. అలా పెరిగినదాన్ని, నలభై దాటాక రోజూ ఫోను ముందు నిలబడి "హాయ్ అండీ, నా కొత్త పాట వచ్చేసింది, లింకు బయోలో ఉంది" అనడం మొదలుపెట్టాను. ఏడాది పైనే అన్నాను. తర్వాత మానేశాను. మానేశాక పాట ఏమైంది, వినేవాళ్లు ఎటునుంచి వచ్చారు అని నాలాగే సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లు అడుగుతుంటారు. ఫోన్లో ప్రతిసారీ సగం చెప్పి సగం మర్చిపోతున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో ఒక కాలేజీలో లెక్కలు చెప్తాను. సంగీతం విజయనగరంలో నేర్చుకున్నాను. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కాలేజీ ఉన్న ఊరు కదా, అక్కడ వీధికొక టీచరుగారు దొరుకుతారు. శాస్త్రీయ కచేరీ చేసేంత దూరం నేను వెళ్లలేదు. నా ప్రాణమంతా లలిత సంగీతం మీదే. పాట నేనే రాసుకుంటాను, వరస నేనే కట్టుకుంటాను. వెనకాల తంబూరా, ఒక గిటారు, కుదిరితే వయొలిన్. సినిమా పాట కాదు, భక్తి పాట కాదు, జానపదం కాదు. తెలుగులో ఏ అరలో పెట్టాలో తెలియని సరుకన్నమాట.

అలాగని ఈ సరుకు కొత్తదేమీ కాదు. 1940ల నాటికే సాలూరి రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతి గారు సినిమాకి సంబంధం లేని పాటలు గ్రామఫోను రికార్డులుగా ఇచ్చారు. వాటిని ప్రైవేటు పాటలు అనేవాళ్లు. ఆ తర్వాత బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు లాంటివాళ్లు రేడియోలో లలిత గీతానికి ఇల్లు కట్టిపెట్టారు. ఆకాశవాణి పద్ధతిలో నాకు ఇప్పటికీ నచ్చేది ఒకటుంది. ఆడిషన్‌లో నెగ్గితే బి గ్రేడు, ఆపైన బి హై, ఎ, టాప్. ఒకసారి గ్రేడు వచ్చిందంటే మిగతా పని రేడియోది. పాట ఏ వేళకి వెయ్యాలో, ఎవరి పాట పక్కన వెయ్యాలో స్టేషను వాళ్లు చూసుకునేవాళ్లు. పాడినవాళ్లు ఇంటికెళ్లి అన్నం తినేవాళ్లు. ఆ మిగతా పని ఇప్పుడు పాడేవాళ్ల నెత్తిన పడింది. నా గొడవంతా అక్కడే.

పాటని స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్ లాంటి చోట్లకి ఎక్కించడం పెద్ద కష్టం కాదు. మధ్యలో ఒక డిస్ట్రిబ్యూటరు ఉంటారు. వాళ్లకి ఏడాదికింత అని కట్టాలి, లేదా వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలి. కొందరి దగ్గర ఏడాది ఫీజు ఆపేస్తే పాటలు కూడా దిగిపోతాయి, చేరేముందే అది చదువుకోవాలి. రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య వాళ్లే ఇస్తారు. స్పాటిఫైలో అయితే విడుదలకి కనీసం వారం ముందు, 500 అక్షరాలు మించకుండా, మన పాట గురించి అక్కడ ప్లేలిస్టులు కూర్చే ఎడిటర్లకి రాసి పంపుకోవచ్చు. పాట మూడ్ ఏమిటి, జానర్ ఏమిటి అని గడులుంటాయి. లలిత సంగీతానికి సరిపోయే గడి నాకు కనపడలేదు. ఏదో ఒకటి నొక్కి పంపాను.

పాట వచ్చింది. ఇక లెక్కలు మొదలయ్యాయి. 30 సెకన్లు దాటి వింటేనే విన్నట్టు. నా మొదటి పాటలో 30 సెకన్లకి ఇంకా ఆలాపనే నడుస్తుంటుంది. 2024 నుంచి స్పాటిఫైలో ఇంకో నిబంధన వచ్చింది: వెనకటి 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకి రికార్డింగు రాయల్టీ ఉండదు. నా పాటల్లో ఆ గడప దాటినవి తక్కువే. డబ్బు సంగతి అలా ఉంచండి, జీతం వస్తోంది కాబట్టి దానికోసం ఏడవలేదు. ఎవరు విన్నారో తెలియకపోవడమే నా వల్ల కాలేదు. ఊరి పేరు చూపిస్తుంది, వయసు చూపిస్తుంది, మనిషిని చూపించదు. "కరీంనగర్ - 3" అని ఉంటుంది. ఆ ముగ్గురూ ఎవరు? వంట చేస్తూ విన్నారా, బస్సులో విన్నారా, పొరపాటున నొక్కారా? క్లాసులో కనీసం వెనక బెంచీవాడు నిద్రపోతున్నాడని నాకు తెలుస్తుంది.

దానికి మందు రీల్స్ అన్నారు. చెప్పింది నా పాత స్టూడెంటే, ఇప్పుడు హైదరాబాదులో మార్కెటింగు చేస్తున్నాడు. "మేడం, పాట బాగుంటే చాలదు, మీరు రోజూ కనపడాలి" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఆ చోటుకి తగ్గ సలహాయే ఇచ్చాడు. రోజూ కనపడ్డాను. పల్లవిలో పదిహేను సెకన్లు, కాఫీ కప్పుతో ఒకటి, బీచ్ రోడ్డులో ఒకటి, "ఈ పాట వెనక కథ" అని ఒకటి. చూసేవాళ్లు వచ్చారు కూడా. కింద రాసేవి మాత్రం "మేడం చీర సూపర్", "ఏ ఊరండీ", "ఒక్కసారి నవ్వండి". పాటలో రెండో చరణం గురించి ఎవరైనా ఒక ముక్క రాస్తారేమో అని రాత్రి పదకొండు వరకు చూసేదాన్ని. రెండో చరణం ఎవరూ వినలేదు, వినడానికి నేను పెట్టనూ లేదు కదా. మగ పాటగాళ్లకి చీర బాధ లేదు గానీ మిగతాదంతా ఇలాగే ఉంటుందని వాళ్లూ చెప్తారు.

ఇంతలో ఇంకొకటి గమనించాను. కొత్త పాట రాస్తుంటే పెన్ను ముందే పదిహేను సెకన్ల ముక్క వెతుక్కుంటోంది. చరణాలు ఎందుకొచ్చిన తద్దినం అనిపించడం మొదలైంది. ఆరోజుతో సరి. "పాటలు వస్తూనే ఉంటాయి, నేను ఇక్కడ ఉండను" అని ఒక వాక్యం పెట్టి ఖాతా అలాగే వదిలేశాను. డిలీట్ చెయ్యలేదు. ఎవరైనా పేరు కొట్టి వెతికితే దొరకాలి కదా.

ఇక్కడ ఒక హెచ్చరిక, పక్కదారే అయినా చెప్పాలి. పాట విడుదల చేసిన ప్రతివాళ్లకీ "యాభై వేల స్ట్రీమ్స్ గ్యారంటీ" అంటూ మెసేజీలు వస్తాయి. నాకు తెలిసిన ఒక కుర్రాడు కట్టాడు. వారంలో అంకెలు లేచాయి, వాడు ఎన్నడూ పేరు వినని దేశాల నుంచి. ఆపైన పాట మొత్తం తీసేశారు, మామూలుగా విన్నవాళ్ల లెక్క కూడా దాంతోపాటే పోయింది. దొంగ స్ట్రీమ్స్ ఎక్కువగా కనపడితే 2024 నుంచి స్పాటిఫై పాటకింత అని డిస్ట్రిబ్యూటర్ల దగ్గర జరిమానా వసూలు చేస్తోంది, వాళ్లు దాన్ని మన మీదకి తోసెయ్యవచ్చు. అలాంటి మెసేజీలకి జవాబు కూడా ఇవ్వకండి.

రీల్స్ మానేసిన కొత్తలో ఏమీ జరగలేదు. నిజంగానే ఏమీ లేదు. కొన్ని నెలలు పాటలు అలా పడి ఉన్నాయి, నేను పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. తర్వాత మా కాలేజీలో ఒక కొలీగు వాళ్ల అమ్మగారు, సీతమ్మధారలో ఉంటారు, ఒకప్పుడు రేడియో ముందు కూర్చుని లలిత గీతాలు నోటుబుక్కులో రాసుకున్న మనిషి, నా పాట విని కబురు పెట్టారు. వెళ్తే, "ఫోన్లో నీ గొంతు సన్నగా ఉంది తల్లీ. మా హాలు ఖాళీగానే ఉంటుంది, ఆదివారం వచ్చి పాడు" అన్నారు.

"ఎవరొస్తారండీ?" అన్నాను.

"మనుషుల సంగతి నాకొదిలెయ్. నువ్వు ఎవర్నీ పిలవకు."

ఆవిడ చేసిన పని చెప్తాను. కుంకుమ భరిణె పట్టుకుని, కోడలిని వెంటబెట్టుకుని, అపార్టుమెంటులో ప్రతి గుమ్మం ఎక్కి పేరంటానికి పిలిచినట్టే పిలిచారట. "మా ఇంట్లో ఒకమ్మాయి పాడుతోంది, ఐదున్నరకి రావాలి." నలభై దాటిన నన్ను అమ్మాయిని చేసేశారు. అలా పిలిచాక తెలుగువాళ్లు రాకుండా ఉండరు, కనీసం ఇంటికొకరిని పంపిస్తారు. హాలు నిండింది. సోఫాలు బాల్కనీలోకి నెట్టేసి జంపఖానాలు పరిచారు. మైకు లేదు. ఫోన్లో తంబూరా ఆప్, గిటారు వాయించే కుర్రాడు, నేను. ఫ్యాను ఆపుదామంటే మే నెల, కుదరదు. ఫ్యాను కిందే పాడాను.

మైకు లేకుండా పాడితే పాట మారిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. రికార్డింగులో గుసగుసగా పాడిన చోట గొంతు తెరవాల్సి వచ్చింది. రెండు పాటలకి శ్రుతి అర మెట్టు పెంచాను. మూడో పాటలో చరణం మధ్య ఒక పెద్దాయన "మళ్లీ అనండి ఆ లైను" అన్నారు. ఆగి మళ్లీ పాడాను. ఏ ఆప్‌లోనూ అలాంటి మీట లేదు. చివర్లో పులిహోర, దద్దోజనం. తింటూ ఒకావిడ, ఆ చరణంలో బావి పూడ్చేసిన మాట మీ ఊరిదా అని అడిగారు. వాళ్ల ఊళ్లోనూ అలాగే పూడ్చారట. రెండో చరణం గురించి ఒకరు మాట్లాడితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

అక్కణ్నుంచి ఒక పద్ధతి దానంతటదే ఏర్పడింది. వచ్చినవాళ్లలో ఒకరు "మా ఇంట్లో కూడా" అంటారు. ఎంవీపీ కాలనీ, ఉక్కునగరం, విజయనగరం, అనకాపల్లి, అలా సాగింది. నేను పెట్టుకున్న షరతులు కొన్ని ఉన్నాయి. పిలుపులు ఇంటివాళ్లవే. వచ్చేవాళ్లలో సగం మంది నన్ను ఎరగనివాళ్లు అయ్యుండాలి, లేకపోతే మా చుట్టాలే ఊరూరా తిరిగి చప్పట్లు కొడతారు. మొదటి రెండు పాటలకి ఫోన్లు బయటికి తియ్యకూడదు, తర్వాత వాళ్లిష్టం. చాలామంది తర్వాత కూడా తియ్యరు. డబ్బు అడగను. గుమ్మం దగ్గర ఒక స్టీలు గిన్నె, పక్కన యూపీఐ క్యూఆర్ కాగితం పెడతాం. మొదట్లో ఆ గిన్నె పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు. గిటారు వాయించే కుర్రాడు "మేడం, నాకు బస్సు చార్జీ కావాలి" అన్నాక పెట్టాను. ఇప్పుడు మొదటి వాటా వాడిదే.

గిన్నె పక్కన ఒక నోటుబుక్కు కూడా ఉంటుంది. కొత్త పాట వస్తే తెలియజెయ్యమనేవాళ్లు పేరు, నంబరు రాస్తారు. గ్రూపు పెట్టలేదు. గ్రూపు పెడితే మూడోరోజుకి గుడ్ మార్నింగ్ పువ్వులు, అయిదోరోజుకి రాజకీయం. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్టు లిస్టు అని ఉంది, ఒక్కోదాంట్లో 256 మంది దాకా పడతారు. మనం పంపింది విడివిడిగా ఒక్కొక్కరికీ వెళ్తుంది, జవాబు మనకొక్కరికే వస్తుంది. మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. ఇదొక లోపమని చాలామంది అంటారు. నాకదే వరం. వద్దనుకున్నవాళ్లు నంబరు తీసేస్తే సరి, నాకు చెప్పనక్కర్లేదు, నేను నొచ్చుకోనక్కర్లేదు. పాట వచ్చినప్పుడే మెసేజీ పెడతాను, నాలుగు వాక్యాలు, సాహిత్యం మొత్తం, లింకు. పండగ శుభాకాంక్షలు పంపను. సాహిత్యం పెట్టడం వల్ల ఏమైందంటే, లింకు నొక్కనివాళ్లు కూడా చదివి జవాబు రాస్తున్నారు. ఒకాయన ఛందస్సు తప్పులు పట్టి పంపుతారు. నేను రాసేది ఛందస్సులో కాదని చెప్పాను. "అయినా" అన్నారు.

మన ఊళ్ల బయట వినేవాళ్లకి బ్యాండ్‌క్యాంప్ అనే చోటు నాకు పనికొచ్చింది. అక్కడ పాటని కొనుక్కుని దించుకుంటారు. ధర మనం పెట్టుకోవచ్చు, వాళ్లు అంతకన్నా ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం వాళ్లది. కొన్నవాళ్లు ఇష్టపడితే ఈమెయిలు మనకి తెలుస్తుంది, నాలుగు మాటలు రాసే వీలూ ఉంటుంది. టెక్సస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు కొన్నారు, ఒకరైతే వాళ్ల నాన్నగారి కోసం సాహిత్యం పెద్ద అక్షరాలతో అచ్చు వేసి పంపగలరా అని అడిగారు. డబ్బు పేపాల్ మీదుగా వస్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశం లోపల చెల్లింపులు ఆపేసింది కాబట్టి ఇక్కడివాళ్లకి అది దారి కాదు. ఇక్కడ అడిగినవాళ్లకి యూపీఐ, పాట ఫైలు ఈమెయిలులో. దీనికోసం ప్రత్యేకంగా సైటు పెట్టాల్సినంత అమ్మకాలు నాకు లేవు.

పాట రాసి, వరస కూడా కట్టేవాళ్లు ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ)లో సభ్యత్వం సంగతి కూడా చూసుకోండి. 1969 నుంచి ఉన్న సంస్థ, రచయితకీ స్వరకర్తకీ రావాల్సిన వాటా వసూలు చేస్తుంది. డిస్ట్రిబ్యూటరు ఇచ్చేది రికార్డింగు వాటా, ఇది వేరే. చాలామందికి ఈ రెండూ ఒకటే అనే అపోహ ఉంది.

ఇంతకన్నా ఎక్కువ తేడా తెచ్చిన పని ఒకటుంది, దాన్ని ప్రచారం అనడానికి లేదు. వేరేవాళ్ల పాటలు వినడం మొదలుపెట్టాను. నాలా పాటలు పెట్టుకుని కూర్చున్నవాళ్లని వెతికి, పూర్తిగా విని, ఏ చోట ఏం నచ్చిందో రాసి పంపేదాన్ని. "సూపర్" కాదు, "రెండో చరణంలో నిషాదం (ని స్వరం) దగ్గర ఆగడం బాగుంది" అని. నిజం చెప్పాలంటే మొదట్లో, వాళ్లు తిరిగి నాది వింటారనే ఆశ కొంత ఉండేది. కొందరు వినలేదు, పర్వాలేదు. రాజమండ్రి నుంచి ఒకబ్బాయి మాత్రం అర్ధరాత్రి ఫోను చేసి, "అక్కా, ఆ నిషాదం గురించి రాసింది మీరొక్కరే" అన్నాడు. ఇప్పుడు నా ఇంటి కచేరీల్లో మధ్యలో రెండు పాటలు వేరేవాళ్లవి ఉంటాయి, వాళ్లే వచ్చి పాడతారు. వాళ్ల ఊళ్లో నేను రెండు పాడతాను. నాకోసం వచ్చినవాళ్లు వాళ్లకి, వాళ్లకోసం వచ్చినవాళ్లు నాకు. హైదరాబాదు వెళ్లినప్పుడు లామకాన్‌లో కూర్చుని కొత్తవాళ్లని వింటాను, బంజారాహిల్స్‌లో 2010 నుంచి ఉన్న చోటు అది, చాయ్, సమోసాల మధ్యే కార్యక్రమాలు నడుస్తాయి. విశాఖలో అలాంటిది ఒకటుంటే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను. కళాభారతి లాంటి పెద్ద హాళ్లు ఉన్నాయి గానీ ముప్ఫై మంది కోసం ఎవరు తీసుకుంటారు?

రీల్స్‌ని ఇంతగా తిట్టాను కదా, అన్నిటికన్నా ఎక్కువమంది విన్న నా పాట రీల్ వల్లే విన్నారు. నేను చేసిన రీల్ కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఎవరో వరినాట్ల వీడియో తీసి వెనకాల నా పాట పెట్టారు. ఎవరో నాకు తెలియదు, నన్ను అడగలేదు, పేరు మాత్రం సరిగ్గా వేశారు. అంకెలు కొన్నాళ్లు ఎగిరాయి, మళ్లీ కిందకి వచ్చాయి. ఆ ఎగిరినప్పుడు వచ్చినవాళ్లలో కొద్దిమంది నంబరు వెతుక్కుని మెసేజీ పెట్టారు, లిస్టులో చేరారు. మిగతావాళ్లు పోయారు. దానికి సంతోషించాను, కాదనను. అలాంటిది ఇంకోటి రావాలని ఫోను పట్టుకుని మాత్రం కూర్చోలేదు.

దీంతో బతకగలరా అంటే, నేనైతే బతకలేను. గిన్నెలో వచ్చేది ప్రయాణాలకి, గిటారు కుర్రాడికి, ఎప్పుడైనా వయొలిన్ వాయించేవాళ్లకి సరిపోతుంది. రికార్డింగు ఖర్చు జీతంలోంచే. ఇరవై ఏళ్ల వయసులో పాటే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకి ఇలా చెయ్యమని నేను చెప్పను, వాళ్లకి కనపడటం అవసరం, వాళ్ల దారి వేరు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇళ్లలో పాడితే వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, ఒకే రకం కుటుంబాలు. పిలుపు ఎవరి గుమ్మం దాకా వెళ్తుందో వాళ్లే వస్తారు. అది చాలారోజులు నా బుర్రకి ఎక్కలేదు, ఉక్కునగరంలో ఒక కార్మికుడు ఆ మాటే అడిగితే తట్టింది. ఇప్పుడు కొన్ని లైబ్రరీల్లో, ఒక యూనియన్ ఆఫీసు మేడ మీద కూడా పాడుతున్నాను. అక్కడ కుంకుమ భరిణె పనిచెయ్యదు, గేటు దగ్గర బోర్డు రాస్తారు. జనం మధ్యలో వస్తారు, మధ్యలో వెళ్తారు, టీ తాగుతూ వింటారు. మొదట చిరాకు పడ్డాను. ఇప్పుడు అక్కడికి వేరే పాటలు పట్టుకెళ్తున్నాను, ఎక్కడ అందుకున్నా అర్థమయ్యేవి.

ఎవరైనా ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే నేను అడిగేవి తక్కువే. వంటగదికి ఆనుకుని లేని గది, ఎందుకంటే కుక్కరు విజిలు ఏ శ్రుతికీ కుదరదు. సాయంత్రం ఐదున్నర, గంటన్నరకి మించకుండా. కుర్చీలు వెనక, చాపలు ముందు. పిల్లల్ని తీసుకురావచ్చు, వాళ్లని మొదటి వరసలోనే కూర్చోబెట్టాలి, వెనక పెడితేనే అల్లరి చేస్తారు. వచ్చే నెల పలాసలో ఒకరింట్లో ఉంది. ఆవిడ ఫోను చేసి "పోస్టరు పంపండి, స్టేటస్ పెడతాను" అన్నారు. పోస్టరు లేదండీ, మీరే పిలవాలి అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే రెండ్రోజులు సెలవు పెట్టాలి" అన్నారు.